సూర్యాపేటలో నలభై నిమిషాలు



మా వీధి చివర ఒక టాక్సీ అబ్బాయి ఉంటాడు. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. సొంత డీజిల్ బండి. తిరుపతి, శ్రీశైలం, షిర్డీ, అరుణాచలం, ఇవీ అతను తిరిగే దారులు. పోయిన నెలలో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "సార్, కరెంటు కారు తీస్కుందామనుకుంటున్న. డీజిలుకు పెట్టీ పెట్టీ పానం వోతున్నది. మీరు నడుపుతున్రు గద. మాలెక్క లాంగ్ ట్రిప్పులు కొట్టేటోళ్లకు పనికొస్తదా?"

నేను ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పాను. రెండేళ్లుగా కరెంటు కారు నడుపుతున్నాను. అయినా ఆ పూట అతనికి ఔననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. అప్పు చేసి కొనే మనిషి. లక్షల మాట. నోటికొచ్చింది చెప్పి పంపించే విషయం కాదు. వారం ఆగి రమ్మన్నాను. ఆ వారంలో వేసుకున్న లెక్కలూ, ఈ రెండేళ్లలో రోడ్డు మీద నేర్చుకున్నవీ ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ముందు నా దారి సంగతి. మా ఇల్లు వనస్థలిపురంలో. మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. హైదరాబాదు వచ్చి ఉండమంటే ఉండదు. నెలకు రెండుసార్లు నేనే వెళ్తాను. మా గుమ్మం నుంచి ఆ గుమ్మానికి 300 కిలోమీటర్లు, పది అటూ ఇటూ. కాబట్టి నేనూ లాంగ్ ట్రిప్పులు కొట్టేవాణ్ణే.

నా బండి బ్యాటరీ 45 యూనిట్లది. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. విజయవాడ హైవే మీద 80కీ 90కీ మధ్య నడిపితే యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది. హుషారు పుట్టి 110 తొక్కితే అయిదుకు పడిపోతుంది. అంటే నిండు బ్యాటరీతో బయల్దేరి, ఎంత ఓపిగ్గా నడిపినా, మా ఊరి పొలిమేరలకు చేరేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. అందుకని సూర్యాపేటలో ఆగుతాను.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరతాను. పంతంగి టోల్‌గేటు, నార్కట్‌పల్లి, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి సూర్యాపేట చేరేసరికి ఏడు అవుతుంది. బ్యాటరీ 55 శాతం దగ్గర ఉంటుంది. హోటలు పక్కన షెడ్డు కింద చార్జరు. బీరువా అంత డబ్బా, దానికి ఏనుగు తొండంలా ఒక కేబులు. దాని కొసన ఉండేదాన్ని గన్ను అంటారు. ఒక చేత్తో ఎత్తితే మణికట్టు లాగేస్తుంది. కేబులును మోచేతి మీద ఆనించుకుని, బండికున్న మూత తెరిచి, గన్ను లోపలికి నెట్టాలి. గట్టిగా నెడితే లోపల లాక్ పడిన చప్పుడవుతుంది. ఫోన్లో యాప్ నొక్కాక అర నిమిషం ఏమీ జరగదు. తర్వాత డబ్బాలో ఫ్యాను గుయ్యిమని మొదలవుతుంది. తెర మీద శాతం, కిలోవాట్లు, పక్కన రూపాయలు కదలడం మొదలెడతాయి. ఆ ఫ్యాను చప్పుడు వినిపించాకే నేను ఇడ్లీకి కదులుతాను.

ఇడ్లీ, కాఫీ, బీపీ మాత్ర, హోటలు ముందు కాసేపు నడక. నలభై నిమిషాలు. తిరిగొచ్చేసరికి 85 శాతం. అక్కణ్ణుంచి కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ మీదుగా విజయవాడ, కృష్ణ దాటి మా ఊరు. చేరేసరికి పావు వంతుకు పైగా మిగిలే ఉంటుంది. పెట్రోలు బండి ఉన్న రోజుల్లోనూ నేను అదే ఊళ్లో ఇరవై నిమిషాలు ఆగేవాణ్ణి. అంటే కరెంటు కారు నా దగ్గర అదనంగా తీసుకుంటున్నది ఇరవై నిమిషాలే.

ఇక ఊళ్లో చార్జింగు సంగతి. మా ఇంటి అరుగు మీద 15 యాంపియర్ల ప్లగ్గు ఒకటి ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు బండితో వచ్చిన చార్జరు దానికి పెడితే ఎర్రలైటు వెలిగింది. ఇంట్లో కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, బండి మాత్రం తీసుకోనంటోంది. విప్పి చూస్తే ఎర్తింగ్ లేదు. ప్లగ్గుకు మూడో కన్నం ఉంది గానీ దాని వెనక తీగ ఎక్కడికీ పోలేదు. నాన్నగారి కాలంలో వేసిన వైరింగు. ఫ్రిజ్జూ, ఇస్త్రీపెట్టే ఇన్నేళ్లూ దాని మీదే నడిచాయి. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఎర్తింగ్ గురించి చెప్పినవాణ్ణి, మా అమ్మ ఉండే ఇంట్లో అది లేదని కారు చెప్పేదాకా తెలుసుకోలేదు. మర్నాడే ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి జామచెట్టు పక్కన గుంత తీయించాం. పైపు దించి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా పోసి, తీగ లాగి ప్లగ్గుకు కలిపాడు. ఈసారి ఆకుపచ్చ లైటు. వేసవిలో నేల ఎండితే ఎర్తింగ్ బలం తగ్గుతుంది, అప్పుడప్పుడు గుంతలో రెండు బిందెల నీళ్లు పోయాలని చెప్పి వెళ్లాడు.

ఊరి ప్రయాణాలు ఎక్కువగా చేసేవాళ్లు కారు కొనే ముందు చూసుకోవలసింది ఇదే. అవతలి ఊళ్లో మీకు ప్లగ్గు ఉందా, దానికి ఎర్తింగ్ ఉందా? రాత్రంతా నిద్రపోయే చోట బండి కూడా నిండితే, రోడ్డు మీద ఆగవలసిన అవసరం సగానికి సగం తగ్గిపోతుంది. షోరూంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇప్పుడు కొంచెం పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. లీటరు పెట్రోల్లో ఉండే శక్తి సుమారు 9 యూనిట్లు. నా బ్యాటరీ మొత్తం కలిపితే అయిదు లీటర్ల పెట్రోలంత. మామూలు కారు ట్యాంకు 40 లీటర్లు పడుతుంది. అయిదు లీటర్ల సత్తువతో దాదాపు 300 కిలోమీటర్లు పోయే బండి ఇది. పెట్రోలు ఇంజను తను తాగిన దానిలో ముప్పాతిక వంతు వేడిగా వదిలేస్తుంది, మోటారు అలా వృథా చేయదు. ఊళ్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు పెట్రోలు బండి ఊరికే తాగుతూ ఉంటుంది, కరెంటు బండి దాదాపు ఏమీ తాగదు. బ్రేకు వేస్తే పెట్రోలు బండి వేగమంతా వేడై పోతుంది. కరెంటు బండిలో మోటారే జనరేటరుగా మారి కొంత తిరిగి బ్యాటరీలో పోస్తుంది.

హైవే ఎక్కితే ఈ మేలు తగ్గుతుంది. అక్కడ సిగ్నళ్లు లేవు, బ్రేకులు తక్కువ. పెట్రోలు ఇంజనుకు అది మంచి చోటు, ఊళ్లో కంటే ఎక్కువ మైలేజీ ఇస్తుంది. కరెంటు కారు ఊళ్లో కంటే తక్కువ ఇస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం పడుతుంది. గాలి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే గాలి అడ్డు దాదాపు రెట్టింపు. కంపెనీలు ప్రకటించే రేంజి కొలిచే మన దేశపు పరీక్షలో వేగం 90 దాటదు, అదీ రోడ్డు మీద కాదు, రోలర్ల మీద. 2020లో నెక్సాన్ ఈవీ అనే కరెంటు కారు మొదట వచ్చినప్పుడు 30.2 యూనిట్ల బ్యాటరీ, 312 కిలోమీటర్ల ప్రకటన. 2024 చివర్లో మహీంద్రా తెచ్చిన పెద్ద బళ్లలో 79 యూనిట్ల బ్యాటరీ. నాలుగయిదేళ్లలో ఇంత మారింది, సంతోషమే. కానీ ఏ బండికైనా ప్రకటించిన అంకెలో మూడో వంతు తీసేసి, మిగిలినదే హైవే లెక్క అనుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఫాస్ట్ చార్జరు 80 శాతం దాకానే ఫాస్టు. ఖాళీ పల్లెవెలుగు బస్సు ఎక్కడం గుర్తు తెచ్చుకోండి. మొదట ఎక్కినవాళ్లు చకచకా సీట్లలో కూర్చుంటారు. బస్సు నిండేకొద్దీ సీటు వెతుక్కోవాలి, సర్దుకోవాలి, కండక్టరు "లోపలికి జరగండి" అనాలి. బ్యాటరీలో లిథియం అయాన్ల పనీ అలాంటిదే. చోటు తగ్గాక తొందరపెట్టి తోస్తే అవి లోపలికి పోకుండా పైనే పేరుకుని బ్యాటరీని పాడుచేస్తాయి. అందుకని బండే కరెంటు తగ్గించేస్తుంది. మన రోహిణికార్తె ఎండల్లో, అసలే వేడెక్కిన బ్యాటరీకి ఇంకా తగ్గిస్తుంది. కాబట్టి దారిలో మనం వాడుకోగలిగింది పది శాతానికీ ఎనభైకీ మధ్య ఉన్నదే. నా 45 యూనిట్లలో అది 31 యూనిట్లు, అంటే రెండు వందల కిలోమీటర్లు. మొదటి విడత ఇంటి నుంచి నిండుగా బయల్దేరతాం కాబట్టి 260 దాకా లాగొచ్చు. ఆ తర్వాత ప్రతి రెండు వందలకూ ఒకసారి ఆగవలసిందే.

నాకు ఎదురైన చెడ్డ రాత్రి గురించి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే నా మాటలో సగం దాచుకున్నట్టు.

పోయిన వానాకాలం. రాత్రి పదింటికి ఊరి నుంచి పక్కింటి వదినగారి ఫోను. అమ్మ స్నానాల గదిలో జారిపడింది, తుంటి నొప్పితో లేవలేకపోతోంది, తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పగలంతా ఊళ్లో తిరిగి వచ్చి, పొద్దున పెట్టుకోవచ్చులే అని బండికి ప్లగ్గు పెట్టలేదు. 38 శాతం ఉంది. నిలబడ్డ పళాన బయల్దేరాను. హయత్‌నగర్ దాటాక ఒక ఫాస్ట్ చార్జరు దగ్గర ఆగాను. వాన. గన్ను పెట్టాను, యాప్ నొక్కాను, వాలెట్లో డబ్బు పట్టుకుంది, ఫ్యాను మాత్రం మోగలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు. తీసి మళ్లీ పెట్టాను. మూడుసార్లు. అక్కడ రాసి ఉన్న నంబరుకు ఫోను చేస్తే, దూరం నుంచి మిషను ఆపి మళ్లీ వేస్తాం, పది నిమిషాలు ఆగండి అన్నారు. పదిహేను నిమిషాలు తడుస్తూ నిలబడ్డాను. అది వెలగలేదు. తర్వాతి చార్జరు ఎన్ని కిలోమీటర్ల అవతల ఉందో ఫోన్లో కనిపిస్తోంది. అది పనిచేస్తుందో లేదో మాత్రం అక్కడికి పోతే గానీ తెలియదు.

వెనక్కి తిరిగి నాగోల్‌లో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లి, వాడి డీజిల్ కారులో ఇద్దరం పోయాం. తెల్లవారకముందే చేరాం. ఎముక విరగలేదు, దేవుడి దయ. కానీ ఆ పదిహేను నిమిషాలు నేను మరిచిపోలేను. అదే దారి, అదే బండి, అదే నేను. నెలకు రెండుసార్లు హాయిగా సాగే ప్రయాణం ఆ రాత్రి సాగలేదు. మామూలు రోజు ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో నా ఇష్టం. ఆ రాత్రి ఆగడానికి నాకు వీలు లేదు. దూరప్రయాణానికి కరెంటు కారు పనికొస్తుందా అని అడిగేవాళ్లందరికీ అప్పటి నుంచీ నా ఎదురు ప్రశ్న ఒక్కటే. ఆగే వేళ మీ చేతిలో ఉంటుందా, ఇంకొకరి చేతిలో ఉంటుందా?

ఇక్కడ ఒక పాత ప్రయాణం సంగతి చెప్పాలి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ప్ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి, వాళ్లమ్మ దగ్గరికి, బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం మోటారు బండిలో అంతకుముందు ఎవరూ పోలేదు. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపులో మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసుకుంది. లోకంలో ఒక్క పెట్రోలు బంకు కూడా లేని కాలం. ఇవాళ సూర్యాపేట షెడ్డు కింద గన్ను పట్టుకుని నిలబడినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది నాకు. తల్లిని చూడబోయే దారిలో, ఆ బండికి ఇంకా అలవాటు పడని రోడ్డు మీద నిలబడ్డ మనిషి. మన దగ్గర హైవేల మీద రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకూ చార్జింగు స్టేషను ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2019 మార్గదర్శకాల్లోనే పెట్టింది. డబ్బాలు వస్తున్నాయి, మా దారిలోనే ఈ రెండేళ్లలో చాలా వచ్చాయి. డబ్బా పెట్టడం ఒక ఎత్తు, అర్ధరాత్రి వానలో అది వెలగడం ఒక ఎత్తు. ఆ పూచీ ఎవరిదో గట్టిగా తేలాలి. చెడిపోయిన చార్జరును ఇన్ని గంటల్లో బాగుచేయాలి, చేసేదాకా యాప్‌లో అది పనిచేయడం లేదని చూపించాలి అని కఠినంగా నియమం పెట్టి అమలుచేయాలి. ఇది న్యాయమైన కోరికే అని నా గట్టి నమ్మకం.

ఇక టాక్సీ అబ్బాయి లెక్క.

వారం తర్వాత అతను వచ్చినప్పుడు డబ్బు సంగతి ముందు చూశాం. అతని డీజిల్ బండి లీటరుకు 17 ఇస్తుంది. డీజిలు 95 రూపాయల పైమాటే కాబట్టి కిలోమీటరుకు అయిదున్నర రూపాయలు. నాకు ఇంట్లో చార్జింగు పెడితే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే పడుతుంది. అతను అద్దె ఇంట్లో మేడ మీద వాటాలో ఉంటాడు, బండి రోడ్డు మీద పెడతాడు. ప్లగ్గు లేదు. ప్రతి యూనిట్టూ బయట కొనాలి. ఫాస్ట్ చార్జరు దగ్గర యూనిట్ ఇరవై రూపాయల చుట్టుపక్కల, పన్ను కలిస్తే ఇంకొంచెం. కిలోమీటరుకు మూడున్నర, నాలుగు. మిగులు ఉంది గానీ, నాకున్నంత లేదు. బండి ధరలో జీఎస్టీ 5 శాతమే కావడం, తెలంగాణలో 2024 నవంబరు నుంచి రోడ్డు ట్యాక్సు మినహాయించడం అతనికి కలిసొచ్చేవే. బ్యాటరీ వారంటీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఈమధ్య కొన్ని కంపెనీలు ఎక్కువే ఇస్తున్నాయి గానీ టాక్సీ బళ్లకు షరతులు వేరుగా ఉండొచ్చు, ఆ కాగితం చదివి తీరాలి. అతను ఏడాదికి 60,000 తిరుగుతాడు. మూడేళ్లు నిండకముందే ఆ వారంటీ అయిపోతుంది. లోను మాత్రం అయిదేళ్లు.

తర్వాత దారులు. తిరుమల కొండకు భయపడనక్కర్లేదని చెప్పాను. 1,800 కిలోల బండి 700 మీటర్లు ఎత్తెక్కడానికి అదనంగా సుమారు మూడున్నర యూనిట్లు చాలు, దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగొస్తుంది. శ్రీశైలం గురించే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. ఆ దారిలో మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9కి పడితే పొద్దున 6కే తీస్తారు. నల్లమల పులుల అడవి, అది న్యాయమే. హైదరాబాదు నుంచి సాయంత్రం బయల్దేరదీసే పార్టీలు ఉంటాయి. చార్జరు దగ్గర ముందు ఇద్దరు క్యూలో ఉంటే గంటన్నర పోతుంది. ఆ గంటన్నరతో తొమ్మిది దాటితే, చంటిపిల్లలతో, ముసలివాళ్లతో కుటుంబం మొత్తం గేటు ఇవతల రాత్రంతా గడపాలి. వాళ్లు మళ్లీ ఇతన్ని పిలుస్తారా?

"సార్, పార్టీ యాడ ఆపమంటె ఆడ ఆపాలె, ఎప్పుడు పోదమంటె అప్పుడు పోవాలె" అన్నాడు అతనే. నేను చెప్పదలచుకున్న మాట అతని నోటి నుంచే వచ్చింది. సంక్రాంతి ముందు రెండు రోజులు విజయవాడ దారి ఎలా ఉంటుందో అతనికి నాకంటే బాగా తెలుసు. టోల్‌గేట్ల దగ్గర బళ్లు బారులు తీరే ఆ రోజుల్లో ఒక్కొక్క చార్జరు దగ్గర అయిదారు బళ్లు, ఒక్కోదానికి నలభై నిమిషాలు.

ఇప్పుడు వద్దు అని చెప్పాను. అతని ముఖం చిన్నబోయింది, నాకూ బాధేసింది. వాళ్ల బావమరిది శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొడతాడు, సొంత ఇల్లు, ఇంటి ముందే బండి. అతనికి నిస్సంకోచంగా తీసుకోమని చెప్పమన్నాను. వారం వారం వరంగల్ వెళ్లొచ్చే మా పెద్దమ్మాయికీ అదే చెప్పాను. ఒక చార్జింగుతో పోయి, అత్తగారింట్లో ప్లగ్గు పెట్టుకుని, మర్నాడు రావచ్చు. దూరం పోయేవాళ్లందరికీ ఒకే జవాబు ఇవ్వడం నాకు చేతకాలేదు.

నా మటుకు నేను ఆ రాత్రి తర్వాత బండిని 70 శాతానికి తక్కువలో పెట్టి నిద్రపోవడం లేదు. సూర్యాపేటలో ఒక చార్జరు కాదు, మూడు చోట్లు గుర్తుపెట్టుకున్నాను.

మొన్న శుక్రవారం సాయంత్రం అమ్మ ఫోను చేసింది. నడుస్తోంది, చేతికర్రతో. ఆరోగ్యం అడిగితే ఆ మాట దాటేసింది. "ఒరే, జామచెట్టు కాడ గుంతలో రెండు బిందెలు పోయించాను. నేల బాగా తడిసింది. పొద్దున్నే బయల్దేరు, సూర్యాపేటలో ఇడ్లీ తిని రా, ఇక్కడ పప్పుచారు పెట్టిస్తాను" అంది.